తిరుపతిలో ఎనిమిది ఆదివారాల బొమ్మల తరగతి

బాలాజీ కాలనీ వెనుక వీధుల్లో ఒక ఇంటి మూడో అంతస్తులో, ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు పెద్దవారి కోసం ఒక బొమ్మల తరగతి జరుగుతుంది. బొమ్మలు వేయడం నేర్పాలన్నది దాని ఉద్దేశం కాదు. మనసులో బరువుగా మిగిలిపోయిన జ్ఞాపకాలను బొగ్గుతో, రంగుతో, గుడ్డ మీద గీతతో బయటికి తెచ్చుకుని, వాటిని కాస్త తీరికగా చూసుకునే వీలు కల్పించాలన్నది దాని ఉద్దేశం. నేను ఎనిమిది వారాలూ ఒక్కటి కూడా మానకుండా వెళ్ళాను. తరగతి నడిపే మేడమ్ విడతకు పదిమందిని మాత్రమే, అదీ తెలిసినవారి ద్వారా చేర్చుకుంటారు. తన పేరు గాని చిరునామా గాని ఎక్కడా రాయవద్దని కోరినందువల్ల ఆ మాటను పాటిస్తున్నాను. అయినా ఈ సమీక్ష రాయడానికి కారణం ఉంది. దుఃఖంలో ఉన్నవారు ఇటువంటి చోటికి వెళ్ళే ముందు ఏం అడిగి తెలుసుకోవాలో, అక్కడ ఏది దొరుకుతుందో ఏది దొరకదో చెప్పేవారు నాకు ఎవరూ కనిపించలేదు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేశాను. బొమ్మలతో నాకున్న పరిచయం జ్యామితి పెట్టె దాటి పోలేదు. రెండేళ్ళ క్రితం మా అమ్మ ఒక ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉండి కన్నుమూసింది. ఆ పద్దెనిమిది రోజుల్లో ఆమెను చూడనిచ్చింది రోజుకు పది నిమిషాలే. లోపలికి తీసుకువెళ్ళిన మొదటి సాయంత్రమే ఆమె ఎర్ర గాజులు తీసి, ఒక ప్లాస్టిక్ కవరులో వేసి, నా చేత సంతకం చేయించుకుని నా చేతిలో పెట్టారు. పెద్దకర్మ అయింది, ఏడాది తిరిగి సంవత్సరీకమూ అయింది. పండుగలు మళ్ళీ చేసుకోవచ్చని పెద్దలు చెప్పారు. నాకు మాత్రం వాకిట్లో ముగ్గు పెట్టడానికి చెయ్యి రాలేదు. పనిమనిషి పెట్టే ముగ్గును కూడా చూడకుండా తల తిప్పుకుని లోపలికి వచ్చేదాన్ని. దీన్ని గమనించి నన్ను ఈ తరగతిలో చేర్చింది మా పిన్నమ్మ కూతురు.

ఎనిమిది వారాలకు రుసుము 4,800 రూపాయలు. కాగితం, బొగ్గు ముక్కలు, పోస్టరు రంగులు, కుంచెలు, గుడ్డ అన్నీ వాళ్ళే ఇస్తారు. రంగులు బడిపిల్లలు వాడే రకమే గాని కాగితం మందంగా, నీటికి తట్టుకునేదిగా ఉంది. మొదటిసారి కుంచె పట్టేవారి కాగితం మొదటి గీతకే చిరిగిపోతే రెండో గీత గీయాలనిపించదు కనుక, అక్కడ ఖర్చుకు వెనుకాడకపోవడం నాకు నచ్చింది. ఫోన్లు తలుపు దగ్గర ఒక బుట్టలో పెట్టి రావాలి. ఎవరి బొమ్మకూ ఫొటో తీయకూడదు. ఎవరి బొమ్మనూ బాగుందని గాని బాగాలేదని గాని అనకూడదు. ఈ చివరి నియమం మొదట వింతగా తోచింది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల జవాబుపత్రాల మీద మార్కులు వేసిన చెయ్యి నాది. మూడో వారం నాటికి ఆ నియమం ఎంత మేలు చేసిందో అర్థమైంది. మెచ్చుకోలు కోసం ఎదురుచూడనవసరం లేనప్పుడు మనిషి నిజంగా ఉన్నదే గీస్తాడు.

మొదటి ఆదివారం మేడమ్ ముందుగా తన హద్దులు చెప్పారు. తాను చిత్రకారిణినని, బొమ్మల ద్వారా మనసును కుదుటపరిచే ఆర్ట్ థెరపీ పద్ధతిలో కొంత శిక్షణ పొందానని, ఇది వైద్యం కాదని, మందులు వాడుతున్నవారు ఎట్టి పరిస్థితుల్లోనూ వాటిని మానరాదని స్పష్టం చేశారు. రెండో వారంలో, ఐదో వారంలో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన ఒక క్లినికల్ సైకాలజిస్టు వచ్చి మాతో కూర్చుంటారని చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ సంఖ్య 14416 ను ప్రతి ఒక్కరి పుస్తకం మొదటి పేజీలో రాయించారు. ఆ తరువాతే ఈ పద్ధతి పుట్టుక చెప్పారు. 1938లో క్షయ సోకి ఇంగ్లండులోని ఒక శానటోరియంలో చేరిన ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు, మంచం మీద నుంచి లేవలేని రోజుల్లో బొమ్మలు గీస్తూ తన మనసు కుదుటపడడం గమనించాడు. తరువాత తోటి రోగుల చేత, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల చేత గీయించాడు. ఆర్ట్ థెరపీ అన్న మాటను 1942లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి పేరు విని పెరిగిన మా అందరికీ ఆ మంచాల వరుస, ఆ కిటికీ వెంటనే కళ్ళకు కట్టాయి. మాలో ఒక పెద్దాయన తన తండ్రి ఆరోగ్యవరంలో ఏడాది ఉండి వచ్చారని, అక్కడ నుంచి తెచ్చుకున్న గ్లాసు ఇంకా ఇంట్లో ఉందని చెప్పారు. తరగతిలో ఒకరు తమ సొంత సంగతి చెప్పడం అదే మొదలు.

ఆ రోజు పని చిన్ననాటి ఇంటి పటం గీయడం. ముందు గోడలు, తరువాత తలుపులు, ఆ తరువాత ఏ గదిలో ఏ వాసన వచ్చేదో ఆ గదిలో ఒక రంగు పూయాలి. నాది చంద్రగిరి. కోట కొండ కనిపించే మిద్దె, ముందు అరుగు, లోపల నడవ, నడవలో దీపం గూడు, వెనుక దొడ్డి, దొడ్డిలో బావి. గణితం చెప్పిన అలవాటుతో స్కేలు అడిగాను, ఇవ్వలేదు. చేత్తోనే గీశాను. గోడలు వంకర వచ్చాయి గాని, వంటింటి తలుపు పక్క గోడలో ఒక చిన్న పిట్టగోడ ఉండేదని, దాని మీద కూర్చునే నేను ఎక్కాలు అప్పజెప్పేదాన్నని గీస్తూ ఉండగానే గుర్తుకు వచ్చింది. యాభై ఏళ్ళుగా ఆ పిట్టగోడ నా తలపులో లేదు. ఆ ఇల్లు అమ్మి, కొన్నవారు పడగొట్టి ఇరవై ఏళ్ళు దాటింది. గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే రానిది, చెయ్యి గోడ వెంబడి నడుస్తూ పోతుంటే దారిలో ఎదురైంది.

అదే రోజు ఇంటి నుంచి ఒక పాత వస్తువు తెచ్చుకోమన్నారు. నేను రెండు తీసుకువెళ్ళాను. ఒకటి అమ్మ ముగ్గుల నోటుబుక్కు. రెండోది గాజుల కవరు. నోటుబుక్కును బల్ల మీద పెట్టాను. కవరును సంచిలోంచి తీయలేదు.

మూడో వారం ఆ నోటుబుక్కుతోనే గడిచింది. అమ్మ దాన్ని పెన్సిలుతో నింపింది. చివరి పేజీల్లో పాలవాడి లెక్క, ఊరుబిండి పచ్చడికి తెచ్చిన చెనక్కాయల లెక్క కూడా ఉన్నాయి. ప్రతి ముగ్గు పైన చుక్కల సంఖ్య మాత్రం తప్పకుండా రాసి ఉంటుంది. ‘15, సందు చుక్క, 8 వరకు’ అని రాసిన పేజీ అన్నిటికంటే నలిగి ఉంది. ముగ్గులు తెలిసినవారికి దీన్ని విప్పి చెప్పనక్కరలేదు: నడుమ వరుసలో పదిహేను చుక్కలు, అటూ ఇటూ సందుల్లో ఒక్కొక్కటి తగ్గిస్తూ ఎనిమిది దాకా. మేడమ్ ఆ పేజీని కాపీ చేయమనలేదు. పుస్తకం మూసి, నల్ల కాగితం మీద తెల్ల సుద్దతో గుర్తున్నంత వరకు పెట్టమన్నారు. చుక్కలు పెడుతూ పెడుతూ లెక్క కట్టాను; మొత్తం 169. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఈ లెక్క ఎన్నిసార్లు కట్టి ఉంటానో. చుక్కలు సరిగ్గానే వచ్చాయి. ఆ తరువాత మెలిక మొదలుపెట్టాను. మెలికల ముగ్గులో గీత ఎక్కడ బయలుదేరిందో చుట్టూ తిరిగి అక్కడికే చేరాలి. ఒక్కచోట దారి తప్పితే చివరికి రెండు కొసలు విడిగా మిగిలిపోతాయి. నాకు అలాగే మిగిలాయి. తుడిచి మళ్ళీ పెట్టాను, మళ్ళీ మిగిలాయి. మూడోసారి కళ్ళు మూసుకుని, వేళ్ళ మధ్య పిండి ఉన్నట్టు ఊహించుకుని గాలిలో చెయ్యి తిప్పాను. మణికట్టు తనంతట తానే ఎడమకు తిరిగింది. నేను ప్రతిసారీ కుడికి తిప్పుతున్నాను; అమ్మ ఎడమచేతి వాటం మనిషి. ఆమె ఎదురుగా కూర్చుని నేర్చుకున్న ముగ్గు అది. ఆ క్షణంలో, రెండేళ్ళలో మొదటిసారి, ఆసుపత్రి మంచం అడ్డం రాకుండా అమ్మ ముఖం కనిపించింది: ధనుర్మాసపు చలిలో శాలువా చుట్టుకుని, నోటితో చుక్కలు లెక్కపెడుతూ ఉన్న ముఖం. నేను ఏడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న అమ్మాయి నా సుద్దముక్కను కిందపడకుండా పట్టుకుంది, అంతే. అక్కడ ఆ మౌనం ఎంత సరైనదో మాటల్లో చెప్పలేను.

ఇటువంటి పనికి ఆధారం ఉందా అని అడిగేవారికి, సైకాలజిస్టు గారు రెండో వారం చెప్పిన ఒక విషయం నాకు నచ్చింది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన ఒక పరిశీలనలో 39 మంది పెద్దలు 45 నిమిషాల పాటు తమకు నచ్చినట్టు బొమ్మలు, మట్టి పనులు చేశారు. దాదాపు నాలుగింట మూడొంతుల మందికి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. బొమ్మలు వేసిన అలవాటు ఉన్నవారికీ లేనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అది చిన్న బృందమని, పోల్చి చూడడానికి బొమ్మలు వేయని మరో బృందం అందులో లేదని, ఒక్క ముప్పావు గంటలో తగ్గిన ఒత్తిడిని చూసి తీరని దుఃఖం తీరుతుందని అనుకోకూడదని కూడా ఆయనే చెప్పారు. ఎక్కువ చేసి చెప్పకపోవడం వల్లే ఆయన మాట మీద నమ్మకం కలిగింది.

నాలుగో వారం కోపానికి కేటాయించారు. తిరుపతివారికి దీన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద ఉపోద్ఘాతం అక్కరలేదు. మన తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఒంటికి బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం పూసుకుని, ఇతర రోజుల్లో నోట రాని మాటలను కూడా బాహాటంగా అంటూ మనిషి అమ్మవారి ఎదుటికి వెళ్తాడు. వేషం తీసేశాక ఆ మాటలను ఎవరూ పట్టించుకోరు. మేడమ్ ఆ సంగతే గుర్తుచేసి, పెద్ద కాగితాలు గోడకు అంటించి, కుంచెలు దాచేసి, బొగ్గూ ఎర్ర రంగూ అరచేతులతోనే పూయమన్నారు. మొదట అందరం సిగ్గుపడ్డాం. విశ్రాంత బస్సు కండక్టరు ఒకరు ముందుకు వచ్చి కాగితమంతా నల్లగా రుద్ది, నడుమ గోటితో ఒక చిన్న తలుపు గీకారు. తలుపు ఎవరిదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను పది నిమిషాల గడియారం గీసి, దాన్ని అరచేత్తో చెరిపేశాను. మళ్ళీ గీసి మళ్ళీ చెరిపాను. ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చాక భోజనం రుచిగా అనిపించింది.

ఈ తరగతిలో పెద్ద లోపం బయటపడింది కూడా ఆ వారమే. మాలో అందరికంటే చిన్నవాడైన ఒక యువకుడు బొగ్గు పూస్తూ పూస్తూ హఠాత్తుగా ఊపిరి ఆడనట్టు కూర్చుండిపోయాడు. చేతులు వణికాయి, ముఖం పాలిపోయింది. ఆ రోజు సైకాలజిస్టు లేరు. మేడమ్ అతని పక్కన నేల మీద కూర్చుని, నీళ్ళిచ్చి, నెమ్మదిగా మాట్లాడి, అరగంటకు తేరుకునేలా చేశారు. ఆమె నిబ్బరాన్ని తప్పుపట్టలేను. కాని ఆ అరగంటా అతను మా అందరి కళ్ళ ఎదుటే ఉండవలసి వచ్చింది. పక్కన మరో గది లేదు, పడుకోబెట్టడానికి ఒక బల్ల లేదు, వెంటనే ఫోనులో సైకాలజిస్టును అందుకునే ఏర్పాటు కూడా లేదు. కోపాన్ని, భయాన్ని పైకి తోడే పని పెట్టుకున్న రోజున వృత్తి నిపుణుడు గదిలో ఉండడం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. ఐదో వారం వచ్చే మనిషి నాలుగో వారం రావాలి. ఈ మాట నేను మేడమ్‌తో నేరుగా చెప్పాను. వచ్చే విడత నుంచి వారాలు మారుస్తానని అన్నారు. చేరదలచినవారు ముందుగా ఇది మార్చారో లేదో అడిగి తెలుసుకోవాలి. ఆ యువకుడు తరువాతి వారం వచ్చాడు, చివరిదాకా కొనసాగాడు.

ఐదో వారం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి అతికించే పని. నాకు అది పిల్లల ప్రాజెక్టులా అనిపించింది.

ఆరో వారం, ఏడో వారం మాత్రం మరువలేనివి. శ్రీకాళహస్తి నుంచి ఒక వృద్ధ కలంకారీ కళాకారుడు వచ్చారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టిన నూలు గుడ్డలు తెచ్చారు. పాలలోని కొవ్వు వల్ల గీత పాకకుండా నిలుస్తుందని, కరక్కాయ వగరు వల్ల రంగు పడుతుందని చెప్పారు. గుడ్డను విప్పగానే వచ్చిన ఆ పాల వాసనకు గదిలో సగం మంది మౌనమయ్యారు. వాసన దారి మాట దారి కంటే పొట్టిదేమో. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందు పలుచగా గీసుకుని, తరువాత వెదురు కలంతో కసిమి అనే ద్రవపు గీత గీయాలి. కలం కొస పైన చుట్టిన గుడ్డ ఉండను వేళ్ళతో కొద్దికొద్దిగా నొక్కుతూ ఉంటే కసిమి దిగుతుంది. “గట్టిగా పట్టుకోవద్దమ్మా, పట్టుకుంటే కారిపోతుంది,” అని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టగా వచ్చిన ఆ ద్రవం సీసాలో చూస్తే నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకాకనే, ఇనుమూ ఆ వగరూ కలిసి, చూస్తూ ఉండగా గీత నల్లబడుతుంది. అంటే గీసేటప్పుడు ఏం గీశామో పూర్తిగా కనిపించదు. చెయ్యి ముందుకు పోయాక వెనుక గీత తేలుతుంది.

నేను బావి గీశాను, వాకిలి గీశాను, ముగ్గు పెడుతున్న ఒక చెయ్యి గీశాను. ఎడమ చెయ్యి. ఆ రోజు సంచిలోంచి గాజుల కవరు మొదటిసారి బయటికి తీసి బల్ల మీద పెట్టాను. ఎరుపు కావలసిన చోట రంగు పూయరని, పటిక నీళ్ళు పూస్తారని అప్పుడు తెలిసింది. పటిక పూసినచోట దాదాపు ఏమీ కనిపించదు. ఆ గుడ్డను ఉతికి, మంజిష్ఠ వంటి వేళ్ళతో మరిగించినప్పుడు పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టి నిలుస్తుంది. నేను ఆ చేతికి ఐదు గాజులు పటికతో గీశాను. గుడ్డ మీద ఏమీ లేనట్టే ఉంది. మరిగించే పని మిద్దె మీద సాధ్యం కాదు కనుక పెద్దాయన మా గుడ్డలన్నీ మూటకట్టి 40 కిలోమీటర్ల దూరంలోని తన ఇంటికి తీసుకువెళ్ళారు. వారం గడిచాక ఆయన గుడ్డ విప్పి నా ముందు పరిచినప్పుడు ఆ చేతికి ఐదు ఎర్ర గాజులు ఉన్నాయి. ఆసుపత్రివారు తీసి ఇచ్చినవి, రెండేళ్ళుగా నేను బీరువాలో చీరల కింద దాచినవి, మళ్ళీ ఆమె చేతికి వచ్చినట్టు అనిపించింది. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు నాకు రసాయనపరంగా తెలుసు. తెలిసినందువల్ల దాని విలువ తగ్గలేదు.

కలంకారీ పటాల్లో బొమ్మ పక్కన తెలుగులో కథ రాసే సంప్రదాయం ఉంది. మా చేత కూడా ఒక్కో వాక్యం రాయించారు. నేను ‘15, సందు చుక్క, 8 వరకు’ అని మాత్రమే రాశాను. రుసుము కొంత పెంచి అయినా సరే, ఈ రెండు వారాలను నాలుగు చేసి, అతికించే పనిని పూర్తిగా తీసివేస్తే బాగుంటుంది. అంత ఓపికతో చేయవలసిన పనిని ఆరు గంటల్లో ముగించమనడం కష్టం. సగం మంది గుడ్డల మీద కసిమి మరకలు మిగిలాయి.

చివరి వారం ఇంటివారిని పిలిచి చిన్న ప్రదర్శన పెట్టారు. ఇష్టం ఉన్నవారే పెట్టవచ్చని అన్నారు గాని, పదింటిలో తొమ్మిది గోడ మీద ఉన్నప్పుడు పదో మనిషికి అది ఇష్టంగా మిగలదు. ఎనిమిది వారాలు ఎవరూ చూడరన్న భరోసాతో గీసిన బొమ్మల ముందు చుట్టాలు నిలబడి ఇది ఏమిటి, అది ఎవరు అని అడగడం నాకు కష్టంగా తోచింది. నేను ముగ్గు కాగితం మాత్రం పెట్టి, గుడ్డను మడిచి సంచిలో ఉంచుకున్నాను. మెట్ల విషయం కూడా చెప్పాలి: లిఫ్టు లేదు. తొంభైకి దగ్గరపడిన మా నాన్నగారు ప్రదర్శన చూడాలని వచ్చి రెండో అంతస్తు దగ్గర ఆగిపోయారు. జ్ఞాపకాల పనికి ఎక్కువగా వచ్చేది పెద్దవయసువారే అయినప్పుడు, నేలమట్టంలో ఒక గది చూసుకోవడం నిర్వాహకుల బాధ్యత.

నాకు ఏం మారిందని మా పిన్నమ్మ కూతురు అడిగింది. రాత్రిళ్ళు ఆసుపత్రి గది కలలోకి రావడం ఆగలేదు, తగ్గింది. పదిహేను చుక్కల ముగ్గు ఇంకా వాకిట్లో పెట్టలేదు. ఐదు చుక్కల చిన్న మెలిక శుక్రవారాలు పెడుతున్నాను. గాజులు కవరులోంచి తీసి దేవుడి గదిలో పసుపు డబ్బా పక్కన ఉంచాను. నాన్న వాటిని చూసి ఏమీ అనలేదు గాని, ఆ సాయంత్రం చాలాకాలానికి అమ్మ గురించి తనంతట తానుగా మాట్లాడారు: పెళ్ళైన కొత్తలో కాళహస్తి తేరు చూడడానికి వెళ్ళిన సంగతి, నాకు తెలియనిది.

దగ్గరివారిని పోగొట్టుకుని కొన్ని నెలలు గడిచినవారికి, ఆ విషయం మాట్లాడబోతే గొంతు పూడుకుపోయేవారికి ఈ తరగతిని నిస్సంకోచంగా సూచిస్తాను. నష్టం జరిగి కొద్ది వారాలే అయినవారు కాస్త ఆగడం మంచిది. నిద్ర పూర్తిగా పోయినవారు, బతుకు మీద విరక్తి కలిగినవారు ముందు మానసిక వైద్యులను కలవాలి. ఆ తరువాత వారి సలహాతో ఇటువంటి చోటికి రావచ్చు. తరువాతి విడత ఉగాది వెళ్ళాక మొదలవుతుందని చెప్పారు. చేరేవారు పాత బట్టలు కట్టుకుని వెళ్ళండి, కసిమి మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. మొదటి రోజుకు ఇంటి నుంచి ఒక వస్తువు తీసుకువెళ్ళాలి. బయటికి తీయలేమనుకున్నది ఉంటే దాన్ని కూడా సంచిలో వేసుకోండి. తీయమని అక్కడ ఎవరూ అడగరు.